మూల దిక్కు ఊత

బోధన్,
14 మే 1963

అవ్వ పోయినంక నాకు అవ్వయి సాకిన శ్యామలక్కకు, నీ చెల్లె జ్ఞానమ్మ వందనాలతోని రాసేది.

మేము ఎడపల్లి విడిచిపెట్టి బోధన్‌కు వచ్చి ఇయ్యాల్టికి పన్నెండు రోజులు. నువ్వు నిజామాబాద్ నుంచి రాసిన కార్డు ముందు ఎడపల్లికి పోయి, అక్కడి నుంచి మళ్ళి నిన్న ఇక్కడికి చేరింది. కడుపుల పిల్ల కదులుతున్నదా, కాళ్ళు వాస్తున్నయా అని అడిగినవు. ఆరో నెల నిండింది. పిల్ల మంచిగనే కదులుతున్నది. కాళ్ళు పొద్దుమూకి కొంచెం వాస్తయి. ఇగ ఈ కొత్త ఇంటి సంగతి రాస్త.

ఈ ఇల్లు నూరుల్లా ఉస్తాద్‌ది. మా ఆయన, మీ మరిది, పద్నాలుగేండ్లప్పుడు తాపీ పని నేర్చుకోను వచ్చింది ఈయన దగ్గరికే. సున్నం కలుపుడు, దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసుడు, అంత ఈయన చేతి కిందనే నేర్చిండు. ఉస్తాద్‌కు ఇప్పుడు డెబ్బై దాటినయి. కుడి చేయి వణుకుతది, చాయ కప్పు రెండు చేతులతోని పట్టుకుంటడు. వాళ్ళ ఇంటి వెనుక ఏండ్ల సంది తాళం వేసిన రెండు అర్రలున్నయి. మా బిడ్డ రూతు పోయిన సంగతి విని మనిషిని పంపిండు. ఎడపల్లిల ఆ కూలిన ఇంటి పక్క గుడిసెల ఎన్ని రోజులుంటరు, వచ్చి ఇక్కడ ఉండుండ్రి, కిరాయి వద్దు, రిపేరు చేసుకుంటె చాలు అన్నడు. నేనే మూట కట్టిన.

తాళం తీసినప్పుడు తలుపు మా మీదికే ఒరిగింది. కింది మడతబందు తుప్పు పట్టి ఊడిపోయింది. దాన్ని ఇనుప తీగతోని కట్టిన. నేలంత ఎలుకలు తవ్వినయి. ఉస్తాద్ భార్య ఖైరున్నిసాబీ పగిలిన సీసాలు తెచ్చిచ్చింది, ఆ పెంకులు బొక్కలల్ల కూరి పైన సున్నం మెత్తితె ఎలుక మళ్ళ తవ్వదట. ఇద్దరం కూసొని పదిహేడు బొక్కలు మూసినం. ఆ తెల్లారి నేల అలికిన. పొయ్యి కొత్తది వేసుకున్న. గూనపెంకులు నాలుగు చోట్ల జరిగినయి. ఖైరున్నిసాబీ తమ్ముని కొడుకు సిరాజ్ మీదికెక్కి సర్దిండు. మీ మరిది ఇంట్లనే ఉన్నడు. నిచ్చెన పట్టుకున్నడు గని ఎక్కలే.

వెనుక గోడ ఒక్కటి మిగిలింది. పైనుంచి దీపం గూడు దాక నెర్రె వాసింది. నా నాలుగు వేళ్ళు దాంట్ల దూరుతయి. అడుగు బయటికి ఉబ్బింది. అది ఆడోళ్ళతోని అయ్యే పని కాదు. మీ మరిది పొద్దుగాల లేచి ఆ గోడ దిక్కు ఒక్కసారి చూస్తడు, మొఖం తిప్పుకొని కాలువల పూడిక తీసే పనికి పోతడు. ఆయన తాపీ, గుండు, సున్నం నునుపు చేసే రంధ అంత ఒక గోనెసంచిల మూతి కట్టి ఉన్నయి. రూతు పోయిన నాటి నుంచి ఆ మూతి విప్పలే. తొమ్మిది నెలలు. ఎవరన్న మేస్త్రీ అని పిలిస్తె వెనుకకు చూడడు.

గోడ నిలబెట్టుకోలేని మేస్త్రి దగ్గర ఇంకెన్ని రోజులుంటవు, నా దగ్గరికి రా, ఇక్కడనే కను అని రాసినవు. నీ ప్రేమ నాకు తెలుసు. కని ఆయన గురించి గా మాట మళ్ళ రాయకు అక్కా. ఎందుకో ఇయ్యాల రాయలేను. ఖైరున్నిసాబీ నీళ్ళకు పిలుస్తున్నది.

నీ చెల్లె,
జ్ఞానమ్మ


బోధన్,
17 జూన్ 1963

ప్రాణమసొంటి అక్కకు, జ్ఞానమ్మ.

ఇది కార్డు మీద రాసేది కాదు, అందుకె కవరు తెప్పించిన. నువ్వొక్కదానివే చదువు. చదివినంక పొయ్యిల వెయ్యి.

నాలుగు రోజుల కింద మొదటి వాన పడ్డది. నెర్రెలకెల్లి మన్ను జారి దోసెడు దోసెడు మంచం మీద పడ్డది. మంచం ముందటి అర్రలకు జరుపుకున్న. మీ మరిదిని అడిగిన. ఆగస్టుల కాన్పు, ఈ గోడ గట్లనే ఉంటె పసిపిల్లను ఎక్కడ పండవెట్టాలె అన్న. ఉస్తాద్‌కు చెప్పి వేరే మేస్త్రిని పిలిపిస్త అన్నడు. వానలకు ముందు అందరికి పనులే, శ్రావణం దాక ఎవరు దొరకరు.

నిన్న ఉస్తాద్ కర్ర పట్టుకొని వచ్చి గోడ చూసిండు. అరచేయి నెర్రె మీద పెట్టి, చెవి గోడకు ఆనించి, వేళ్ళతోని కొట్టి విన్నడు. కిందికెల్లి విప్పి కట్టాలె, ఈ వానకాలం దాటది అన్నడు. మీ మరిది దిక్కు చూసి, నా చేయి ఆడితె నేనే కట్టేవాణ్ణి బేటా, నువ్వుండగ నేను పరాయోణ్ణి ఎందుకు దేవులాడాలె అన్నడు.

మీ మరిది నేల చూసుకుంట, “నా చేయి మంచిది కాదు ఉస్తాద్. నేను పెట్టిన ఊత నా బిడ్డనే ఆపలే” అన్నడు.

ఉస్తాద్ ముందటి అర్రలకు వచ్చి మంచం మీద కూసున్నడు. ఊత ఎట్ల పెట్టినవో చెప్పు అన్నడు. పాఠం ఒప్పజెప్పే పిల్లగాని లెక్క మీ మరిది చెప్పిండు. టేకు కట్టె, అడుగు జానెడున్నర లోతు పాతిన, చుట్టు రాళ్ళు కూరిన, తల గోడల గుంట తవ్వి దాంట్ల బిగించిన, రెండు పెట్టిన. ఉస్తాద్ తల ఊపిండు. “గట్ల పెట్టిన ఊత జారది. ఎవరన్న తీస్తె తప్ప పోదు” అన్నడు. ఆయన ఏదో మనసుల పెట్టుకొని అనలే. పని తెలిసిన మనిషి పని మాట అన్నడు, అంతే. నేను చాయ పట్టుకొని కడప కాడ నిలబడి ఉన్న. కప్పులు కింద పెట్టి లోపటికి పోయిన.

అక్కా, ఆ ఊత తీసింది నేను.

నిరుడు ఆగస్టుల ఆరు రోజుల ముసురు పట్టింది. మా ఎడపల్లి ఇంటి వెనుక గోడ మట్టిది, అప్పటికే ఒరిగి ఉండె. వానలు పోంగనే విప్పి కడత, అప్పటిదాక ఇవి ఆపుతయి అని రెండు ఊతలు పెట్టి, మీ మరిది వర్ని దిక్కు పనికి పోయిండు. ఒకటి తలుపు దిక్కు, ఒకటి మూల దిక్కు. వాగులు వచ్చి ఆయన అక్కడనే ఆగిపోయిండు. రూతుకు జరం. మూడు రోజుల సంది నోట్ల ఏమి పెట్టలే. నాలుగో రోజు కండ్లు తెరిచి, అవ్వా గంజి అన్నది. ఇంట్ల ఎండు పుల్ల లేదు. పిడకలు నాని పిండైనయి. నాలుగిండ్లు తిరిగిన, వాళ్ళ పొయ్యిలే చల్లగున్నయి. మళ్ళి వస్తుంటె చూరు కింద ఊతలు రెండు పొడిగ కనిపించినయి.

ఒకటున్న చాలనుకున్న. మూల దిక్కుది సన్నగుండె, దాన్ని తీసిన. గడ్డపారతోని రాళ్ళు పెళ్ళగించి, ఊపి ఊపి గుంజి, గొడ్డలితోని నరికిన. గంజి కాసిన. బిడ్డ సగం గిన్నె తాగింది, మంచిగున్నదవ్వా అన్నది. గోడ ఆ పొద్దంత నిలబడ్డది. రెండు మూడు సార్లు పోయి చూసిన కూడ. తెల్లారి వాన తెరిపిచ్చింది, బాయికాడికి పోయిన. బిందె నింపుకొని మలుపు తిరిగేసరికి మా ఇంటి మీద దుమ్ము లేస్తున్నది. ఇంత తడిల దుమ్మేంది అనుకున్న. అంతే అనుకున్న.

పొద్దుమూకి మీ మరిది వచ్చేసరికి జనం మన్ను తీసి కట్టెలు పక్కకు వేసిండ్రు. తలుపు దిక్కు ఊత రెండు ముక్కలయి ఉన్నది. అందరు దాన్నే చూసి, మేస్త్రి పెట్టిన ఊత జారిందన్నరు. రెండోది ఏదని ఎవరు అడగలే. ఆయన బిడ్డను తప్ప దేన్ని చూడలే. సమాధి కాడ నువ్వు ఆయన మొఖం మీదనే, ఊరందరి గోడలు కట్టినవు, నీ బిడ్డ పండుకునే గోడ కట్టుకోలేదా అన్నవు. ఆయన నీ మాటకు తల వంచిండు. నేను నీ పక్కనే ఉన్న. చెప్పాలనుకున్న. నోరు తెరువలే. ఆ ఒక్క రోజు దాటిపోయింది, ఇగ ఏ రోజు తెరువలేకపోయిన. ఆదివారం ప్రార్థనల కండ్లు మూసుకుంటె నాకు ఆ పొయ్యిల మంటనే కనిపిస్తది.

చెప్పమంటవా అక్కా? చెప్తె ఆయన నన్ను ఉంచుకుంటడా? చెప్పకపోతె ఆయన చేయి లేవది, ఈ గోడ నిలవది.

నీ పాపపు చెల్లె,
జ్ఞానమ్మ


బోధన్,
4 జూలై 1963

అక్కకు జ్ఞానమ్మ రాసుకునేది.

నీ ఉత్తరం అందింది. చెప్పకు, ఈ స్థితిల నిన్ను బయటికి దొబ్బితె ఏం చేస్తవు, చచ్చిన బిడ్డ మళ్ళ రాదు, ఉన్న పిల్లను చూసుకో, శుక్రవారం బస్సెక్కి వచ్చెయ్ అని రాసినవు. చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. నేను కోరుకున్న మాటనే నువ్వు రాసినవు. చీరెలు రెండు, పాత గుడ్డలు మూట కట్టిన. మీ మరిదికి చెప్తె పో అన్నడు. నా దగ్గర లేకుంటెనే నీకు మంచిది అన్నడు. కోపంగ కాదు, నిజంగనే గట్ల అనుకొని అన్నడు.

పోయిన గురువారం పొద్దుగాల ఖైరున్నిసాబీ నన్ను వాళ్ళ వంటింట్లకు పిలిచి తలుపు దగ్గరేసింది. నువ్వు పొయ్యేది పో, కని నీ మనిషి సంగతి తెలుసా అని అడిగింది. కాలువ పని వానకు బంద్ అయిందట. వారం సంది ఆయన పగటీలి వెనుక అర్రల, ఆ గోడ కింద చాప వేసుకొని పంటున్నడట. నేను నీళ్ళకు, బట్టలకు బయటికి పోయినప్పుడల్ల. మొన్న ఆమె బట్టలారేయను వచ్చి కిటికీలకెల్లి చూసి, ఇట్ల జరుగు బేటా, మన్ను రాలుతున్నది అంటె, రాలనియ్ అమ్మా అన్నడట. నేను బస్సెక్కి పోయినంక ఏం జరిగేదో నాకు అప్పుడు తెలిసింది.

వచ్చి చూసిన. చాప మీద వెల్లకిల పండుకొని నెర్రె దిక్కు చూస్తుండు. రొమ్ము మీద మన్ను పడి ఉన్నది, దులుపుకోలే. బయట వాన. నేను గోడకు ఆయనకు నడుమ కూసున్న. లెవ్వు, ఇక్కడ కూసోకు అన్నడు. నేను లేవలే. చెప్పిన. ముసురు, జరం, గంజి, గడ్డపార, గొడ్డలి, అన్ని చెప్పిన. నీ ఊత జారలే, నేనే తీసిన అన్న. ఏడుపు రాలే అక్కా. పది నెలలు ఏడిచినదాన్ని, ఆ పూట కన్నీళ్ళు రాలే.

ఆయన లేచి కూసున్నడు. కొడతడనుకున్న. కొట్టలే. “ఏది తీసినవు? తలుపు దిక్కుదా, మూల దిక్కుదా?” అని అడిగిండు.

మూల దిక్కుది అన్న.

“బరువంత దాని మీదనే ఉండె” అన్నడు.

చాప చుట్టి గోడకు నిలబెట్టి, తలమీద ఏమి కప్పుకోకుండ వానల బయటికి పోయిండు. ఇయ్యాల్టికి ఎనిమిదో రోజు. సిరాజ్‌ను ఎడపల్లికి పంపితె, సమాధి కాడ ఒక రోజంత కూసున్నడని, తర్వాత ఎటు పోయిండో తెల్వదని చెప్పిండ్రట. నేను బస్సెక్కలే. ఆయన వస్తె ఇల్లు తాళం వేసి ఉండొద్దని ఎక్కలే. నన్ను తిట్టకు.

జ్ఞానమ్మ


బోధన్,
25 ఆగస్టు 1963

నా కష్టానికి దారి చూసే శ్యామలక్కకు, చెల్లె నుంచి.

నీకు ఇంకొక బిడ్డ, ఆడపిల్ల పుట్టింది. ఈ నెల తొమ్మిదిన, శుక్రవారం పొద్దుగాల. హన్మవ్వ అని ఇక్కడి మంత్రసాని చేసింది. ఖైరున్నిసాబీ రెండు రోజులు నా తలాపునే కూసున్నది. పిల్ల బరువు మంచిగున్నది. నా ఒంట్ల ఇంకా బలం లేదు, అందుకె ఆలస్యమయింది.

మీ మరిది పదో రోజున వచ్చిండు. గడ్డం పెరిగి, గుర్తుపట్టరాకుండ ఉండె. నన్ను చూడలే. సీదా గోనెసంచి కాడికి పోయి మూతి విప్పిండు. తాపీకి తుప్పు పట్టి ఉన్నది, ఇటుక ముక్కతోని కూసొని రుద్దిండు. ఆ రోజే పైకప్పుకు నాలుగు ఊతలు పెట్టిండు, నేను ఆ అర్రలకు పోకుండ తలుపుకు అడ్డంగ తాడు కట్టిండు. ఉస్తాద్ దొడ్లె పాత ఇటుక ఉండె. వాన తెరిపిచ్చినప్పుడల్ల గోడ కిందికెల్లి విప్పుకుంట, కట్టుకుంట పోయిండు. ఉస్తాద్ కుర్చీ వేసుకొని కూసొని ఒక్క మాట చెప్పకుండ చూసిండు. పద్దెనిమిది రోజులల్ల గోడ లేచింది. చివరి రోజు ఉస్తాద్ గుండు వదిలి చూసి, వణికే చేయి మీ మరిది తలమీద పెట్టిండు. ఆయన అప్పుడు ఏడిచిండు. వెనుక తలుపు గల్మల నిలబడి నేను చూసిన. దగ్గరికి పోయే హక్కు నాకు లేదనిపించింది.

ఇప్పుడు ఊర్ల నాలుగు దిక్కుల నుంచి పనికి పిలుస్తుండ్రు. పొద్దుగాలనే పోతడు. ఇల్లు ఎక్కడ కారుత లేదు. మొన్న రెండు రోజుల ముసురు పట్టింది, లోపట పిల్ల ఒంటి మీద చుక్క పడలే.

కని అక్కా, ఆయన నాతోని మాట్లాడడు. నేను వండింది తినడు. ఉస్తాద్ ఇంట్ల తింటడు, బయటి అరుగు మీద పంటడు. పిల్లను ఎత్తుకుంటడు. నా చేతులకెల్లి కాదు, నేను కింద పండవెడితె అక్కడి నుంచి ఎత్తుకుంటడు. నేను ఏమి అనను. ఆయన చేతుల బలం నేను తీసినదే, నేనే తిరిగి ఇచ్చిన. ఇచ్చినందుకు ఇదొస్తదని తెలిసే ఇచ్చిన.

ఒక్కటి అడుగుత. సమాధి కాడ నువ్వు అన్న మాటకు ఆయనకు బాకీ ఉన్నవు. ఆయనకు ఒక ఉత్తరం రాయి. ఆయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలె. వినిపిస్త.

నీ చెల్లె,
జ్ఞానమ్మ


బోధన్,
15 సెప్టెంబరు 1963

శ్యామల వదినకు ఏసుదానం వందనాలు.

నేను చెప్తుంటె జ్ఞానమ్మ రాస్తున్నది. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె, ఒక్క మాట తీయొద్దు అన్న. సరే అన్నది.

నీ ఉత్తరం ఈమె చదివింది, విన్న. నా నోటికొచ్చింది అన్న, నా మాట నీ మీద బండరాయి పెట్టింది, మన్నించు అని రాసినవు. వదినా, నీ మాట మీద నాకు కోపం లేదు. నువ్వు అనకముందే నేను అనుకున్న మాట అది. నిజం తెల్వక అన్నవు. తెలిసిన మనిషి నీ పక్కనే ఉండె.

ఇక్కడ ఈమె రాసుడు ఆపింది. రాయమన్న.

కట్టె తీసినందుకు నాకు కోపం లేదు. బిడ్డ గంజి అడిగింది. ఇంట్ల నేనున్నా, ఇంకేం దొరకకపోతె నేనే తీసేటోణ్ణి. మూల దిక్కుది మటుకు తీయకపొయ్యేటోణ్ణి, అది నాకు తెలిసిన పని, ఈమెకు తెల్వని పని. ఎడపల్లిల సమాధి కాడ కూసొని ఈ సంగతి తెల్సుకున్న. ఈమెను పొమ్మననందుకు గిదే కారణం.

కని పది నెలలు. పొద్దుగాల లేస్తె నేను రాయి రాయి యాది చేసుకున్న. ఎంత లోతు పాతిన, ఎటు దిక్కు వంచిన, ఏ రాయి వదులుగ కూరిన అని. అన్నం కాడ అడిగిన, పండుకున్న కాడ అడిగిన, ఈమెనే అడిగిన, నేనేం తప్పు చేసిన అని. ఈమె నా కాళ్ళకు నూనె రాసింది. చెప్పలే. గోడ కింద పండుకున్న రోజులల్ల గూడ చెప్పలే, ఎవరో చెప్తె వచ్చి చెప్పింది. ఇది నాకు మింగుడు పడుత లేదు. అన్నం ముందట పెడితె గదే గొంతుల అడ్డం పడుతున్నది. మనసుల పెట్టుకొని తినకుండ లేను, తినలేక తినుత లేను. ఇది రాయి అన్న, రాసింది. చదువు అన్న, చదివింది. నడుమ ఆగి మళ్ళ చదివింది.

ఈమెను నిజామాబాద్ తీసుకపోత అని రాసినవు. వద్దు వదినా. పిల్లకు ఇక్కడ అలవాటయింది. ఈ గోడ నేను కట్టిన, దాని కింద నా బిడ్డ, బిడ్డ తల్లి పండుకోవాలె. పాస్టరయ్య పేరు అడిగితె ఇద్దరం ఏం చెప్పలే. నువ్వు వచ్చి పేరు పెట్టు. రూతు మాత్రం వద్దు. ఆ పేరు దానిదే.

మా నడుమ ఎప్పుడు సక్కగయితదో నాకు తెల్వది. అయితదో లేదో అదీ తెల్వది. తెల్వనిది తెలిసినట్టు చెప్పను. నిన్న పనికాడి నుంచి వచ్చి అరుగు మీద కూసుంటె, ఈమె చెంబుల నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. దప్పిక మీదున్న. తాగిన. చెంబు ఈమె చేతికే ఇచ్చిన.

ఇప్పటికి గంతే.

నీ మరిది,
ఏసుదానం (వేలిముద్ర)